నేల చెమట

మా తోటికోడలు కప్పని వస్తువంటూ మా ఇంట్లో లేదు. టీవీకి గుడ్డ, ఫ్రిజ్‌కి గుడ్డ, కుట్టుమిషనుకి గుడ్డ, ఆ గుడ్డ మాయకుండా దాని మీద ఇంకో గుడ్డ. నేను చిన్నకోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో మంచినీళ్ల కోసం వెతికి వెతికి విసిగిపోయాను. తీరా చూస్తే బిందె కళ్లముందే ఉంది, మూతల మీద మూతల కింద. మా ఆయన స్కూటరు ముసుగు విప్పి, మడతపెట్టి, బండి బయటికి తీసేలోపు నడిచివెళ్లే మనిషి బజారు పని చూసుకుని తిరిగొచ్చేయొచ్చు. వీధిలో వాళ్లు ఆవిడకు ‘టార్పాలిన్ అక్క’ అని పేరు పెట్టారు. మొహం మీదే అంటారు. ఆవిడ నవ్వేస్తుంది.

నాకు నవ్వొచ్చేది కాదు. నాకు ముక్కు మీదే కోపం. ఈ గుడ్డలన్నీ కుప్పేసి తగలబెట్టాలని నేను పళ్లు నూరని రోజు లేదు. అలాంటి నేనే ఇప్పుడు ఎవరైనా ఆవిడ గురించి అడిగితే చేతిలో పని పక్కన పెట్టి మరీ చెబుతాను. ఆవిడ చేసింది నా కళ్లతో చూశాను. ఆ ఆశ్చర్యం నాకింకా తీరలేదు.

మాది కోడిపిల్లల షెడ్డు. గుడ్డులోంచి బయటపడి ఒక్క రోజైనా నిండని పిల్లల్ని కంపెనీవాళ్లు అట్టపెట్టెల్లో తెచ్చి మాకు అప్పగిస్తారు. వాటికి ఈకలు వచ్చేదాకా మేం సాకితే, మళ్లీ వాళ్లే వచ్చి పెద్ద ఫారాలకు పట్టుకుపోతారు. బావగారు, అక్క, మా ఆయన, నేను, ఇంతే మా సైన్యం. పెట్టె మూత తీయగానే లోపలి తలలన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి. ఎన్నిసార్లు చూసినా నా ఒళ్లు జలదరిస్తుంది. ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు, గుండె కొట్టుకోవడం మాత్రం తెలుస్తుంది. వాటికి తల్లి రెక్కలు లేవు. షెడ్డు మధ్యలో ఉన్న పొయ్యే వాటికి తల్లి.

ఆ పొయ్యి తినేది చెక్కగుళికలు. కోతమిల్లులో మిగిలే రంపపు పొట్టును యంత్రంలో గట్టిగా ఒత్తి, చిటికెనవేలికన్నా సన్నగా, పొట్టి పొట్టి ముక్కలుగా చేస్తారు. పొయ్యి నెత్తిన ఒక గరాటు ఉంటుంది. అందులో బస్తా గుమ్మరిస్తే గుళికలు తమంతట తామే కొంచెం కొంచెంగా జారి మంటలో పడతాయి. మొదటిసారి ఆ మంట చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. చీపురుతో ఊడ్చి పారబోసే పొట్టులో ఇంత వేడి ఎక్కడ దాక్కుంది? నా మొహం చూసి బావగారు ఒక గుళికను నీళ్ల గ్లాసులో వేశారు.

“చూస్తూ ఉండమ్మా,” అన్నారు.

నేను టీ తాగడం పూర్తికాకముందే ఆ గుళిక ఉబ్బి, పగిలి, విడిపోయి, గ్లాసు అడుగున ముద్దగా కూర్చుంది. అంత మంట పుట్టించేది గ్లాసుడు నీళ్లకే ఇలా అయిపోయింది.

“దీనికి చెమ్మ తగలకూడదు. తగిలితే మళ్లీ ఎండబెట్టినా పనికిరాదు,” అన్నారు బావగారు.

షెడ్డులో పిల్లలకే చోటు చాలదు, ఇంట్లో మాకే చాలదు. అందుకని బస్తాలన్నీ ఆరుబయటే, షెడ్డు వెనక గోడకీ ప్రహరీకీ మధ్య ఉన్న ఖాళీ జాగాలో పెట్టాలి. వాటిని పొడిగా ఉంచే పని ఎవరికివ్వాలని మా ఇంట్లో ఒక్కరూ తల బద్దలుకొట్టుకోలేదు. అందరం ఒక్కసారే అక్క వైపు చూశాం. ఆవిడ అప్పటికే కొంగు బిగించేసింది.

మొదటిసారి ఆవిడ ఆ బస్తాలను కప్పిన తీరు చూసి తీరాల్సిందే. నేలమీద వరసలుగా పేర్చి, గోడకు ఆనించి, పైన నీలం టార్పాలిన్ వేసింది. అంచులు నాలుగు వైపులా నేలదాకా లాగి, ఇటుకలతో తొక్కిపెట్టింది. ఆ పైన తాళ్లు. తాళ్ల మీద ఇంకో టార్పాలిన్. చీమ దూరే సందు లేదు. చుట్టూ తిరిగి అంచు అంచునా వేలుపెట్టి చూసుకుని, పసిపిల్లను పడుకోబెట్టినట్టు చేత్తో ఒకసారి తట్టి మరీ లోపలికొచ్చింది.

ఆ తర్వాత ముసురు పట్టింది. పెద్ద వాన కాదు, చలి మాత్రం పెరిగింది. పిల్లలు వచ్చిన మర్నాడు, లోపల ఉంచుకున్న బస్తా అయిపోయాక, బావగారు కట్లు విప్పి బస్తా తెచ్చి గరాటులో పోశారు. గుళికలు జారలేదు. కర్రతో పొడిస్తే కొంచెం కదిలి మళ్లీ ఆగిపోయాయి. చేయిపెట్టి చూస్తే అన్నీ ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఇంకో బస్తా విప్పాం. ఇంకోటి విప్పాం. పైవరసా అంతే, కిందివరసా అంతే. మంట సన్నబడి, పొగై, ఆరిపోయింది.

వెచ్చగా ఉంటే పిల్లలు షెడ్డంతా పరుచుకుని పడుకుంటాయి. చలేస్తే ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. పైవాటికి వెచ్చదనం, కిందవాటికి ఊపిరాడదు. బావగారూ మా ఆయనా ఊరంతా తిరిగి కట్టెలూ బొగ్గులూ పట్టుకొచ్చేసరికే మూలల్లో గుట్టలు పడిపోయాయి. మేం నలుగురం చేతులతో విడదీస్తుంటే అవి మళ్లీ మళ్లీ అక్కడికే చేరేవి. ఎన్ని పోయాయో చెప్పను. చెప్పాలనీ లేదు. వాటిని ఎత్తే పని అక్క ఎవరికీ ఇవ్వలేదు. ఒక్కొక్కటే రెండు చేతులతో ఎత్తింది, ఇంకా బతికున్నవాటిని ఎత్తినట్టే. కంట తడి లేదు. అది చూస్తే నాకు భయమేసింది.

కంపెనీ సూపర్‌వైజరు వచ్చి షెడ్డు చూశాడు. మంచివాడే, గొంతు పెంచలేదు.

“అమ్మా, ఇంకోసారి ఇలా జరిగితే ఈ షెడ్డుకి పిల్లల్ని పంపనివ్వరు. నా చేతుల్లో ఉండదు,” అన్నాడు.

ఆ షెడ్డు పోతే మాకు ఇంకో దారి లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అక్కకు మాత్రం అంతకంటే పెద్ద ముల్లు ఇంకోటి గుచ్చుకుంది.

“వాన చుక్క లోపలికి పోలేదు చెల్లీ. పైన టార్పాలిన్‌కి చిల్లు లేదు. నేను వెతికాను. మరి నీళ్లు ఎక్కణ్నించి వచ్చాయి?” అని రోజుకు పదిసార్లు అడిగేది. అన్నం కలుపుతూ అడిగేది. బట్టలు ఆరేస్తూ అడిగేది. చివరికి నాకు విసుగొచ్చి, “నన్నడిగితే నాకేం తెలుసు, ఆ టార్పాలిన్‌నే అడుగు,” అన్నాను.

నేనన్నమాటను ఆవిడ నిజంగానే తీసుకుంది.

అప్పటికి ముసురు పోయి చాలా రోజులైంది. ఆకాశంలో మబ్బుతునక లేదు. ఒక సాయంత్రం అక్క అదే జాగాలో ఖాళీ డబ్బాలు పేర్చి, బస్తాలను కప్పినట్టే టార్పాలిన్ కప్పి, అంచులు తొక్కిపెట్టి, తాళ్లు కట్టింది. ఆవిడ మనసు బాగాలేదు కదా అని ఊరుకున్నాం. తెల్లవారుతుండగా నన్ను లేపింది.

“లేవవే. ఒక మూల అంచు ఎత్తిపట్టుకో. నేను లోపలికి దూరాలి.”

నిద్రమొహంతో నాకు అర్థం కాలేదు. “ఎందుకు?”

“బస్తా ఎలా తడిసిందో బస్తా ఉన్నచోట కూర్చుంటేగాని తెలీదు.”

మా అక్క కాస్త భారీ మనిషి. మోకాళ్ల మీద పాక్కుంటూ ఆ టార్పాలిన్ కిందికి దూరిపోయింది. నేను బయట అంచు పట్టుకుని, ఎవరైనా చూస్తే ఏం చెప్పాలా అని అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను. బావగారు పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చారు.

“ఏం చేస్తోందమ్మా మీ అక్క?”

“బస్తా అయింది బావగారూ,” అన్నాను ఒళ్లుమండి.

లోపలి నుంచి చాలాసేపటికి గొంతు వినిపించింది. అది గుసగుసలా ఉంది.

“చెల్లీ. పడుతున్నాయే.”

“ఏంటి పడేది?”

“చుక్కలు. నా మెడమీద. రా, వచ్చి చూడు.”

నేను పాక్కుంటూ వెళ్లాను. లోపలంతా నీలంగా ఉంది. టార్పాలిన్ అడుగువైపు ఎక్కడ చూసినా నీటిబొట్లు, లెక్కలేనన్ని, వేలాడుతూ. అక్క వేలుతో తాకితే ఒకదానికొకటి చేరి, జారి, గీతకట్టి కిందికి పడ్డాయి. బయట చుక్క మంచు లేదు, వాన లేదు, పైకి చూస్తే పొడి ఆకాశం. లోపల చిన్న వాన కురుస్తోంది. నిలబడే నేల ఇలా ఊపిరి వదులుతుందని, ఆ ఊపిరికి దారి లేకపోతే ఇలా నీరై తిరిగి పడుతుందని నేను ఏనాడూ అనుకోలేదు.

అక్క అరచేయి నేలకు ఆనించి కూర్చుంది.

“పైనుంచి రాలేదే. కిందనుంచి వచ్చింది. ఇది నేల చెమట. నేను చుట్టూ మూసేసి దాన్ని లోపలే ఉంచాను.”

బావగారు వంగి తొంగిచూసి, “అది నీ చెమటేమోనే,” అన్నారు. ఆవిడ ఆయన చేయి పట్టి లోపలికి లాగి, టార్పాలిన్ లోపలివైపుకు రాసింది. అరచేయి మొత్తం తడిసింది. బావగారు పళ్లపుల్ల నోట్లోంచి తీసేశారు. ఆ పూట ఇంకో జోకు వేయలేదు.

ఆ రోజు నుంచే అక్క పని మొదలుపెట్టింది. ఇటుకల దిమ్మెలు కట్టి, వాటి మీద చెక్కబల్లలు పరిచి, బస్తాలకూ నేలకూ మధ్య పిల్లి దూరేంత ఖాళీ వదిలింది. గోడకు ఎడంగా, మనిషి పక్కవాటుగా నడిచేంత సందు ఉంచింది. నాలుగు గుంజలు పాతించి, పైన ఒకవైపుకు వాలుగా పందిరి వేయించి, టార్పాలిన్‌ను దాని మీదకే కట్టింది. వాన జారి అవతల పడుతుంది. చుట్టుపక్కల మాత్రం ఏమీ లేదు. ఖాళీ. గాలి ఇటు దూరి అటు పోతుంది. కొత్త బస్తాలు వస్తే వెనక్కి, పాతవి ముందుకు.

చెప్పడానికి తేలికే. ఆవిడ అవస్థ చూడాలి! పక్కలు తెరిచి ఉన్న ఆ బస్తాలను చూస్తే కాళ్లూ చేతులూ ఆడేవి కావు. మబ్బు పట్టిందంటే దుప్పటి పట్టుకుని బయటికి పరిగెత్తేది, మధ్యలో ఆగిపోయేది, దుప్పటి గుండెలకు హత్తుకుని వెనక్కి వచ్చేది. పిల్లను మొదటిసారి బడికి పంపిన తల్లిలా గుమ్మం దగ్గరే తచ్చాడేది. రోజూ ఒక బస్తా మూతి విప్పి, గుప్పెడు గుళికలు తీసి పళ్లెంలోకి వదిలేది. పొడివైతే గలగలమంటాయి. చెమ్మ తగిలితే ఆ చప్పుడు మొద్దుబారుతుంది. ఆవిడ చెవి ఆ తేడా పట్టేసింది. కొన్నాళ్లకు నాకూ వినిపించసాగింది. ఈ దెబ్బతో ఫ్రిజ్ మీద గుడ్డ కూడా పోతుందని నేను ఆశపడ్డాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

సూపర్‌వైజరు మళ్లీ పిల్లల్ని పంపాడు. ఇది ఆఖరి అవకాశమని నోటితో అనలేదు, పెట్టెలు దించుతూ పొయ్యి వైపు చూసిన చూపులోనే అన్నాడు.

పెట్టెలు దించిన మర్నాడు మధ్యాహ్నమే చీకటిపడింది. ముందు గాలి వచ్చింది. వీధిలో సైకిళ్లు పడిపోయాయి. ఆ వెనకే వాన. అలాంటి వాన నేనెప్పుడూ చూడలేదు. పైనుంచి పడటం మానేసి పడమటి దిక్కునుంచి పక్కవాటుగా కొడుతోంది. పందిరి బాగానే నిలబడింది. పందిరి కిందికి దూరి వచ్చే వాననేం చేయాలి? పడమటి వరస బస్తాల మీద జల్లు పడటం మొదలైంది.

“చుట్టేద్దాం వదినా, ఇప్పుడు తప్పదు,” అని మా ఆయన టార్పాలిన్ తెచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ఆ వైపు దాన్ని దించి కట్టారు. గాలి దాన్ని ఎత్తి బస్తాలకేసి కొట్టింది. తడిగుడ్డ ఒంటికి అంటుకున్నట్టు అది బస్తాలకు అంటుకుపోయింది, అంచు వెంట నీళ్లు లోపలికి కారుతున్నాయి.

“తీసేయండి!” అని అక్క అరిచింది. “అంటుకోకూడదు. ఎడంగా నిలబడేది కావాలి. గట్టిది కావాలి.”

“గట్టిది ఇప్పుడు ఎక్కణ్నించి తెచ్చేదే?” అన్నారు బావగారు, మొహం మీద నీళ్లు తుడుచుకుంటూ.

అక్క ఇంటి వైపు చూసింది.

“తలుపులు విప్పండి,” అంది.

“ఏ తలుపులు?”

“ఇంట్లో ఎన్నుంటే అన్నీ.”

ఇంత కాలం సీసా మూత కూడా తెరిచి ఉంచని మనిషి! బీరువా మీద గుడ్డ వేసి, గుడ్డ మీద అట్ట పెట్టుకునే మనిషి! స్క్రూడ్రైవర్ తీసుకుని తన పడగ్గది తలుపు బందులు తనే మొదట విప్పడం మొదలుపెట్టింది. బావగారు వచ్చి రెండో బందు పట్టుకున్నారు. పడగ్గదులవి, వంటింటిది, వీధి తలుపు, ఒకదాని తర్వాత ఒకటి ఊడి వచ్చాయి. మా ఆయన బాత్రూం దగ్గర ఆగిపోయాడు.

“వదినా, ఇది కూడానా?”

“నువ్వు పాట పాడుకుంటూ స్నానం చెయ్యవయ్యా, ఎవరూ రారు. ముందు అది ఇటు తే.”

ఆ గాలిలో, ఆ వానలో, ఒక్కో తలుపూ ఇద్దరేసి మోశాం. గాలికి తలుపు మమ్మల్ని లాక్కుపోతోంది. పడమటి గుంజలకు వాటిని ఏటవాలుగా ఆనించి, అడుగున ఇటుకలు అడ్డం పెట్టి, తాళ్లతో కట్టాం. తలుపులకూ బస్తాలకూ మధ్య ఎడం. వాన తలుపులకు కొట్టుకుని కిందికి జారిపోతోంది. తూర్పు వైపు తెరిచే ఉంది, గాలి అటునుంచి ఆడుతోంది. వీధి తలుపు మీద మా పెళ్లయిన కొత్తలో ఆవిడ తగిలించిన గుడ్డ తోరణం తడిసి వేలాడుతోంది. దాని వెనక బస్తాలు పొడిగా నిలబడ్డాయి. నేను తడిసి ముద్దయి, చలికి వణుకుతూ, ఆ దృశ్యాన్ని కన్నార్పకుండా చూశాను. నా జీవితంలో ఒక మనిషిని చూసి అంత విస్తుపోవడం అదే మొదలు.

వాన ఒక్క రోజుతో పోలేదు. ఇల్లు బహిరంగమైపోయింది. వీధిలోంచి గాలి ఇంట్లోకి వచ్చి, వంటింట్లోంచి పెరట్లోకి పోతోంది. గదుల్లో నీళ్లు. కప్పి పెట్టిన గుడ్డలన్నీ ఎగిరిపోయి మూలల్లో పడ్డాయి. దొంగలొస్తే అని నేను అడిగితే, “ఈ వానలో వచ్చేవాడికి ముందు తువ్వాలు ఇవ్వాలే, పాపం,” అంది అక్క. మేం నలుగురం షెడ్డులోకే మకాం మార్చేశాం. అక్కడొక్కటే వెచ్చగా ఉంది. పొయ్యి ఒక్కసారి కూడా మందగించలేదు. రేకుల మీద వాన హోరు, దాని కింద ఆ పిల్లల సన్నని కూతలు. అవి షెడ్డంతా పరుచుకుని పడుకున్నాయి. ఒక్క మూలలోనూ గుట్ట లేదు. ఆ నేలంతా ఒకే ప్రాణమై ఊపిరి తీస్తున్నట్టుండేది. అది చూస్తూ మేం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లం.

వాన వెలిసిన ఉదయం అక్క పడమటి వరసలో, అన్నిటికన్నా అడుగున ఉన్న బస్తా విప్పింది. చేయి భుజందాకా లోపలికి పోనిచ్చి, గుప్పెడు తీసి, పళ్లెంలోకి వదిలింది. గలగలమంది. ఆవిడకు నమ్మకం కుదరలేదు. నా చేత వదిలించింది. బావగారి చేత వదిలించింది. మూడుసార్లూ అదే చప్పుడు.

సూపర్‌వైజరు రోడ్డు తెరుచుకోగానే పరుగెత్తుకొచ్చాడు. ఇంటి ముందు నిలబడి, ఇటునుంచి అటు పెరడుదాకా కనిపిస్తున్న మా ఇంటిని చూసి కంగారుపడ్డాడు.

“ఏమైందమ్మా? దొంగలు పడ్డారా?”

“లేదు సార్, మా తోటికోడలు పడింది,” అన్నాను. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

అతను షెడ్డులో మూలమూలా తిరిగాడు. పుట్టుకతోనే నీరసంగా ఉన్నవి ఒకటీ అరా పోయాయి, అవి ఎప్పుడూ పోయేవే. చలికి పోయింది ఒక్కటి లేదు. వెనక్కి వెళ్లి ఆ తలుపులను చూశాడు. వెళ్తూ, “వచ్చేసారి కూడా మీకే పంపుతామమ్మా,” అన్నాడు. బావగారు కళ్లు తుడుచుకున్నారు. మా ఆయన బాత్రూం తలుపు ఎత్తుకుని ఈలవేసుకుంటూ పోయాడు.

అక్క కనిపించలేదు. వెతుక్కుంటూ వెళ్తే షెడ్డులో పొయ్యి దగ్గర కాళ్లు చాపుకుని నేలమీద కూర్చుని ఉంది. పిల్లలు ఆవిడ చీర కుచ్చిళ్ల మీదకు ఎక్కుతున్నాయి. ఒకటి పాదం మీద నిద్రపోయింది. ఆవిడ ఏడుస్తోంది. ఆ రోజు రెండు చేతులతో ఒక్కొక్కటీ ఎత్తినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వస్తోంది.

“ఏంటక్కా, అన్నీ బాగున్నాయిగా!” అన్నాను.

“గాలి పోయినసారి కూడా ఉంది కదే చెల్లీ,” అంది. “మన పెరట్లోనే ఉంది, ఊరికే ఉంది. నేనే రానివ్వలేదు.”

ఆవిడ పక్కనే కూర్చున్నాను. పొయ్యి మీద గరాటు ఖాళీ అవుతోంది. అక్క లేవబోయి, పాదం మీద నిద్రపోతున్న పిల్లను చూసి ఆగిపోయింది.

“నువ్వు ఉండు,” అని నేనే లేచి, బస్తా ఎత్తి గుమ్మరించాను. ఆవిడ తల వంచి ఆ చప్పుడు చివరిదాకా విన్నది.